ఇల్లు విడిచి వెళ్ళునప్పుడు ఫ్రిజ్జి సంరక్షణ

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రైతుల కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



విత్తనమును గూర్చి, ఎరువును గూర్చి, చీడపీడలను గూర్చి మీరు ఈ పుటలలో తరచుగా చదువుచుందురు. నేడు నేను చెప్పబోవునది పొలములోని వస్తువును గూర్చి కాదు, ఇంటిలోని వస్తువును గూర్చి. అదియే ఫ్రిజ్జి. ఒకప్పుడు పల్లెలో ఫ్రిజ్జి ఉన్న ఇల్లు ఏదియని అడిగిన వ్రేలు పెట్టి చూపెడివారు. నేడు వేరుశనగ అమ్మిన డబ్బుతోనో, కూలి చేసి కూడబెట్టిన డబ్బుతోనో, వాయిదాల మీదనో కొన్న ఫ్రిజ్జి ఎన్నో ఇండ్లలో కనబడుచున్నది. వేలకు వేలు పోసి కొన్న వస్తువు గనుక దానిని కాపాడుకొనుట కూడ సేద్యపు ఖర్చులో ఒక భాగమే.

ఫ్రిజ్జిని వాడుకొనుట అందరికి తెలియును. దానిని వాడక నిలిపి ఉంచుట ఎట్లో చాలమందికి తెలియదు. మన ప్రాంతమున ఈ రెండవ సంగతియే ముఖ్యము. ఎందువలన? మన ఇండ్లకు ఏటా కొన్ని నెలలు తాళము పడును. పాలమూరు కూలీలు దేశమున ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు అందిన గ్రామములలో పరిస్థితి కొంత మారినది. అయినను దసరా, దీపావళి దాటిన పిదప మేస్త్రీ వెంట హైదరాబాదుకో, పూనాకో, ముంబాయికో పోయి, ఉగాదికి గాని తిరిగి రాని కుటుంబములు ఇంకను కలవు. గొర్రెల మందలను తోలుకొని కృష్ణ ఒడ్డునకు, నల్లమల వైపునకు పోవు గొల్ల, కురుమ సోదరులు నెలల తరబడి ఇంటికి దూరముగా ఉందురు. పిల్లల చదువు కొరకు పట్టణమున గది తీసికొని, ఊరి ఇంటికి పండుగకు మాత్రము వచ్చువారును పెరుగుచున్నారు. వేసవి కొరకు కూల్‌డ్రింకుల ఫ్రిజ్జి పెట్టిన కిరాణా కొట్టువారు వానలు పడగానే దానిని మూల పెట్టుదురు.

ఇట్టి వారందరి ఇండ్లలో జరుగునది ఒక్కటే. వెళ్ళు తొందరలో ఫ్రిజ్జి మీట ఆపి, తలుపు గట్టిగా మూసి, ఇంటికి తాళము వేసి పోవుదురు. తలుపు మూసినాము, దుమ్ము పడదు, బల్లి దూరదు, భద్రముగా ఉండునని వారి తలంపు. ఆరు నెలలకు వచ్చి తలుపు తీసిన, ముక్కు మూసికొనవలసినంత వాసన. లోపలి గోడలకు నల్లని మచ్చలు. రబ్బరు పట్టీ మడతలలో బూజు. ఎంత కడిగినను ఆ వాసన పోదు. కొందరు ఆ ఫ్రిజ్జిని పాత సామానువానికి కిలోల లెక్కన ఇచ్చివేయుటయు కలదు. యంత్రము చెడి పోయినది కాదు. నిలువ చేయుట తెలియక పోయినది.

కావున ఈ ప్రసంగమున మీరు మిగిలినవన్నియు మరచినను ఒక్క మాటను మాత్రము గుర్తుంచుకొనవలెను. నడుచు ఫ్రిజ్జికి మూసిన తలుపు రక్ష. ఆగిన ఫ్రిజ్జికి తెరచిన తలుపు రక్ష.

కారణము ఏమి?

దీని కారణము రైతుకు తెలియనిది కాదు. తడి ఆరని వేరుశనగ కాయలను బస్తాలకెత్తి కుట్టినచో ఏమగును? కాయ వేడెక్కును, బూజు పట్టును, అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అందుచేతనే కాయను బాగుగా ఎండబెట్టి, తేమ వందకు ఎనిమిది తొమ్మిది పాళ్ళకు దిగిన పిదపనే నిలువ చేయవలెనని మేము చెప్పుచుందుము. ఫ్రిజ్జి విషయము కూడ ఇట్టిదే. అది నడుచుచున్నంత కాలము లోపలి చలికి బూజు మెల్లగా పెరుగును. మీట ఆపిన గడియ నుండి లోపల వేడిమి గది వేడిమితో సమమగును. గోడలకు అంటిన మంచు కరిగి నీరగును. తలుపు చుట్టును ఉన్న రబ్బరు పట్టీలో అయస్కాంతము ఉండుటచే, తలుపు గాలి దూరనంత గట్టిగా అతుకుకొనును. తడి, వెచ్చదనము, చీకటి, ఎక్కడో అంటిన పాలచుక్క, కూరరసము: బూజునకు ఇంతకన్న ఏమి కావలెను? తడిగింజను గాదెలో పోసి మూత పెట్టినట్లే. తలుపు తెరచి ఉన్నచో ఆ తడి గాలికి ఆరిపోవును. ఆరిన చోట బూజు పెరగదు.

ఆపవలెనా, నడపవలెనా?

వెళ్ళుట ఎన్నాళ్ళకో దానిని బట్టి దీనిని నిర్ణయించుకొనవలెను.

కురుమూర్తి జాతరకో, సలేశ్వరమునకో పోయి మూడు నాలుగు దినములలో తిరిగి వచ్చువారు ఫ్రిజ్జిని ఆపనక్కర లేదు. పాలు, వండిన కూరలు, మాంసము వంటి త్వరగా చెడు పదార్థములను మాత్రము తీసివేసి, తలుపు గట్టిగా మూసి పోవచ్చును. రెండు మూడు వారములు పోవువారు, ఇరుగు పొరుగున నమ్మకమైన వారు రోజుకొకమారు చూచుటకు ఒప్పుకొన్నచో నడపవచ్చును. లేనిచో ఖాళీ చేసి ఆపుటయే మేలు. నెల దాటి పోవువారు తప్పక ఖాళీ చేసి ఆపవలెను.

తాళము వేసిన ఇంట ఫ్రిజ్జిని నడుపుటలో రెండు చిక్కులు కలవు. మొదటిది ఖర్చు. ఫ్రిజ్జి తలుపు మీద నక్షత్రములు గల చీటీ అంటించియుండును. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలునో అంకె వేసియుండును. ఆ అంకెను పన్నెండుతో భాగించినచో నెలకు ఎన్ని యూనిట్లో తెలియును. చీటీ మీద 180 అని ఉన్నచో నెలకు 15 యూనిట్లు. ఆరు నెలలకు 90 యూనిట్లు. ఖాళీ పెట్టెను చల్లబరచుటకు ఇంత ఎందుకు?

రెండవ చిక్కు పెద్దది. మీరు లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయినదో మీకు తెలియదు. కరెంటు పోయినచో, తలుపు తీయకున్న యెడల, క్రింది అరలలోని వస్తువులు సుమారు నాలుగు గంటల వరకే చల్లగా నిలుచును. పై మంచు గదిలోనివి, గది నిండుగా ఉన్నచో రెండు దినములు, సగము నిండియున్నచో ఒక దినము నిలుచును. మన ఎండాకాలపు ఇంట అంత కూడ నిలువక పోవచ్చును. రెండు దినములు కరెంటు పోయి, తిరిగి వచ్చి, కరిగినది మరల గడ్డ కట్టినచో, మీరు వచ్చి చూచునప్పటికి అంతయు యథాప్రకారము కనబడును. కాని లోపలి మాంసము, చేప అప్పటికే చెడియుండును.

ఇందుకు ఒక చిన్న ఉపాయము కలదు. స్వల్పకాలమునకు పోవుచు ఫ్రిజ్జిని నడుపువారు ఒక గిన్నెలో నీరు పోసి మంచు గదిలో గడ్డ కట్టనిచ్చి, ఆ గడ్డ మీద ఒక రూపాయి బిళ్ళను పెట్టి పోవలెను. తిరిగి వచ్చి చూచునప్పుడు బిళ్ళ పైననే ఉన్నచో మంచు కరగలేదని అర్థము. బిళ్ళ అడుగున ఉన్నచో మంచు నీరై, బిళ్ళ మునిగి, తిరిగి గడ్డ కట్టినదని అర్థము. అప్పుడు లోపలి ఆహారమును సంకోచింపక పారవేయవలెను.

వెళ్ళుటకు ముందు చేయవలసిన పనులు

దీర్ఘకాలమునకు పోవువారు ప్రయాణము నాడు కాక, రెండు దినముల ముందే ఈ పని మొదలు పెట్టవలెను. ప్రయాణము నాటి తొందరలో ఇది సాగదు.

మొదటి పని ఖాళీ చేయుట. ఊరగాయ సీసా మొదలు మంచు గదిలోని ఐస్ ట్రే వరకు సమస్తము తీసివేయవలెను. పిండి, పాలు, కూరలు ముందుగానే వాడుకొనునట్లు వారము ముందు నుండి కొనుట తగ్గించుకొనుట తెలివైన పని.

రెండవ పని ఆపి మంచు కరిగించుట. మీట ఆపి, ప్లగ్గును కూడ ఊడదీయవలెను. తలుపు తెరచి రాత్రి అంతయు వదలివేసినచో మంచు తనంతట కరుగును. తొందరగా కరగవలెనన్న ఒక గిన్నెలో వేడినీరు పోసి లోపల ఉంచవచ్చును. ఎంత తొందరయైనను కత్తితో గాని, స్క్రూడ్రైవరుతో గాని మంచును పొడువరాదు. ఆ పలుచని గోడ వెనుకనే చల్లదనమునిచ్చు గ్యాసు గొట్టము ఉండును. గీత పడినచో గ్యాసు పోయి ఫ్రిజ్జి పనికి రాకుండ పోవును. నేటి ఫ్రిజ్జులలో చాల వాటిలో ఉండునది ఆర్ 600ఎ అను గ్యాసు. వంట గ్యాసు వలె మండు గుణము కలది. వెనుక చీటీ మీద ఆ పేరు, మంట గుర్తు ఉండును. ఫ్రిజ్జిలో ఉండు పరిమాణము కొన్ని పదుల గ్రాములే. అయినను బుస్సుమని శబ్దము వచ్చినచో దీపము వెలిగింపక, ఏ మీటను తాకక, తలుపులు కిటికీలు తెరచి బయటికి రావలెను.

మూడవ పని కడుగుట. అరలను, కూరగాయల డబ్బాను బయటికి తీసి విడిగా కడుగవలెను. లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెమ్చాల వంటసోడా కలిపి, ఆ నీటిలో ముంచి పిండిన గుడ్డతో లోపలి గోడలను తుడువవలెను. తరువాత మంచినీటి గుడ్డతో మరల తుడువవలెను. ఫినాయిలు, కిరసనాయిలు, ఆమ్లము, ఇసుక వాడరాదు. వాని వాసన ప్లాస్టిక్కు పట్టుకొని పోదు. గీతలు పడిన చోట మురికి చేరును. రబ్బరు పట్టీని వ్రేలితో విప్పి, మడత మడతకు తుడువవలెను. బూజు మొదట పుట్టునది ఆ మడతలలోనే. లోపలి వెనుక గోడ అడుగున నీరు పోవు చిన్న రంధ్రము కొన్నింటికి ఉండును. దానిలో కొంచెము సోడా నీరు పోసి, మెతుకులు, ఆకులు అడ్డుపడియున్నచో తొలగించవలెను.

నాలుగవ పని వెనుక తట్ట. ఇది అందరును మరచునది, ఊరికంతకు సంబంధించినది. ఫ్రిజ్జి వెనుక, కంప్రెసరు మీద, ఒక చిన్న ప్లాస్టిక్ తట్ట ఉండును. మంచు కరిగిన నీరు అందులోనికి చేరును. యంత్రము నడుచునప్పుడు కంప్రెసరు వేడికి ఆ నీరు ఆవిరియగును. యంత్రము ఆగినచో ఆ నీరు అట్లే నిలుచును. డెంగీ జ్వరమును తెచ్చు దోమ మురికి కాలువలో కాదు, ఇట్టి నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమ అగుటకు వారము పది దినములు చాలును. తాళము వేసిన ఇంట ఆ తట్టను చూచువారు ఎవరు? ఇంటివారు హైదరాబాదులో ఉందురు, దోమలు మాత్రము పొరుగింటి పిల్లలను కుట్టును. ఆ దోమ గ్రుడ్లు నీరు ఎండినను నెలల తరబడి బ్రతికియుండి, మరల తడి తగిలినప్పుడు పొదుగును. కావున తట్టలోని నీరు పారబోయుటతో సరిపెట్టక, తట్టను రుద్ది కడిగి, ఆరబెట్టి అమర్చవలెను.

ఐదవ పని ఆరబెట్టుట. తుడిచిన పిదప పొడిగుడ్డతో మరల తుడిచి, తలుపు బార్లా తెరచి, కనీసము ఒక పగలు, ఒక రాత్రి ఆరనీయవలెను. ఫ్యాను గాలి తగిలినచో మరియు మంచిది. వ్రేలితో రాచి చూచిన తడి తగులరాదు. రెండు దినుముల ముందు మొదలు పెట్టవలెనని నేను చెప్పినది ఇందుకే. వాసన రాకుండుటకు పొడి బొగ్గు ముక్కలను పలుచని గుడ్డలో మూటకట్టి ఒక అరలో ఉంచవచ్చును.

ఆరవ పని తలుపును నిలుపుట. దీనిని వేరుగా చెప్పవలసియున్నది.

తెరచి ఉంచుట, కాని పిల్లలు దూరకుండ

తలుపు తెరచి ఉంచుమని చెప్పి ఊరకున్నచో నా మాట సగమే అగును. ఖాళీ ఫ్రిజ్జి పిల్లల కంటికి ఒక చిన్న ఇల్లు. దాగుడుమూతలాడు పిల్లవాడు అందులో దూరి తలుపు లాగుకొన్నచో లోపల గాలి చాలదు, కేక బయటికి వినబడదు. పూర్వము ఫ్రిజ్జి తలుపులకు బయట గొళ్ళెము ఉండెడిది. లోపలి నుండి తీయుటకు వీలు లేదు. అమెరికాలో ఇట్లు చాలమంది పిల్లలు మరణించినందున 1956లో అక్కడ ఒక చట్టము చేసిరి. దాని ప్రకారము 1958 చివర నుండి తయారగు ఇంటి ఫ్రిజ్జి తలుపులు లోపలి నుండి తోసినంతనే తెరుచుకొనవలెను. గొళ్ళెమునకు బదులు అయస్కాంతపు పట్టీ వ్యాపించుటకు ఇది ఒక కారణము. అయినను రెండు మూడేండ్ల పిల్ల భయముతో అంత బలముగా తోయగలదని నమ్మరాదు. కొట్లలోని డబ్బా ఫ్రీజరు మరింత ప్రమాదకరము. దాని మూత పై నుండి పడును, కొన్నింటికి తాళము కూడ ఉండును.

కావున ఇట్లు చేయండి. తలుపునకు, పెట్టెకు మధ్య నాలుగు వ్రేళ్ళ మందము గల కొయ్య ముక్కను పైన ఒకటి, క్రింద ఒకటి పెట్టండి. పిదప ఫ్రిజ్జి చుట్టును త్రాడు చుట్టి బిగించి కట్టండి. కొయ్య ఉండుటచే తలుపు మూసికొనదు, గాలి ఆడును. త్రాడు ఉండుటచే తలుపు ఇంకను తెరుచుకొనదు, పిల్ల దూరదు. లోపలి అరలను కడిగి ఆరబెట్టిన పిదప మరల వాటి చోటనే అమర్చవలెను. అరలున్న పెట్టెలో పిల్లలకు జాగా ఉండదు. డబ్బా ఫ్రీజరు మూతకు కూడ కొయ్య, త్రాడు ఇట్లే వేయవలెను. ఇక పూర్తిగా చెడిపోయి పశువుల కొట్టములోనో, ఇంటి వెనుకనో పడియున్న పాత ఫ్రిజ్జికి తలుపునే ఊడదీయవలెను. ఈ పని రేపటికి వాయిదా వేయరాదు.

లోపల పెట్టరానివి

ఎలుకలు, చీమలు, బొద్దింకలు చేరునను భయముతో కొందరు లోపల మందులు పెట్టుదురు. ధాన్యపు పురుగునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు గోళీలను ఫ్రిజ్జిలో గాని, మనుష్యులు నివసించు ఇంటిలో ఎక్కడ గాని ఎన్నడును పెట్టరాదు. గాలిలోని తేమ తగులగానే ఆ గోళీ నుండి వెలువడు ఫాస్ఫీను వాయువు మనిషి ప్రాణము తీయును. అంతేకాక ఆ వాయువు రాగిని తినివేయును. ఫ్రిజ్జిలోని తీగలు, గొట్టముల అతుకులు దాని వలన పాడగును. కలరా ఉండలు పెట్టినచో వాని వాసన ఏండ్ల తరబడి పాలకు, పెరుగునకు పట్టును. లోపల తిండి జాడ లేకుండుటయే ఎలుకకు నిజమైన మందు. ప్లగ్గు తీగను చుట్టి ఫ్రిజ్జి మీద పెట్టి కట్టవలెను. నేల మీద ఉన్నచో ఎలుక కొరుకును.

పురుగు మందు సీసాలను, విత్తన శుద్ధి మందులను ఫ్రిజ్జి ఆగియున్నది గదా యని అందులో దాచరాదు. నేడు మందు పెట్టిన అరలోనే రేపు పెరుగు పెట్టుదుము. ఆగిన ఫ్రిజ్జిలో వేరుశనగ విత్తనమును, బియ్యమును నిలువ చేయుట కూడ తగదు. తలుపు మూసిన బూజు, తెరచిన ఎలుక.

మందులు, టీకాలు

షుగరు జబ్బుకు ఇన్సులిను వాడు పెద్దలు ఇంట ఉన్నచో, ఫ్రిజ్జిని ఆపుటకు ముందే ఆ సంగతి తలంచవలెను. మూత తీయని ఇన్సులిను 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉండవలెను. వాడుకలో నున్న సీసా చాల రకములకు సుమారు నాలుగు వారములు, ఎండ తగులని చల్లని చోట నిలుచును. ప్రయాణములో దానిని తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో, నీరు తగులకుండ డబ్బాలో పెట్టి ఉంచవచ్చును. ఒకమారు గడ్డ కట్టిన ఇన్సులినును మరల వాడరాదు. ఆగిన ఫ్రిజ్జిలో మరచిపోయిన సీసాను, చూచుటకు తేటగా ఉన్నను, వాడరాదు.

గొర్రెల కాపరులకు ఇంకొక మాట. చిటుక రోగపు టీకా, పి.పి.ఆర్. టీకా మిగిలినదని సీసాను ఇంటి ఫ్రిజ్జిలో దాచి, తిరిగి వచ్చిన పిదప వేయుట వలన నష్టమే గాని లాభము లేదు. పి.పి.ఆర్. టీకా వేడికి చచ్చును. చిటుక రోగపు టీకా గడ్డ కట్టినచో పాడగును. సీసా చూచుటకు బాగుండును, సూది వేసినట్లే ఉండును, మందకు మాత్రము రక్షణ ఉండదు. టీకాలను పశువైద్యశాల నుండి ఐసు పెట్టెలో తెచ్చిన నాడే వేయించి, కలిపిన మందు మిగిలినచో పారవేయవలెను.

బండిలోని ఫ్రిజ్జి నేర్పు పాఠము

ఈ పద్ధతి మన ఒక్కరికే కాదు. అమెరికా, కెనడా దేశములలో మంచము, పొయ్యి, ఫ్రిజ్జి అన్నియు అమర్చిన ఇంటిబండ్లు కలవు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు ఇట్టి బండ్లను అద్దెకు తీసికొని యాత్రలకు పోవుట మీలో కొందరు వినియుందురు. చలికాలము వచ్చిన నాలుగైదు నెలలు ఆ బండ్లను కదలింపక నిలుపుదురు. ఆ ఫ్రిజ్జుల తలుపులకు చాల వాటిలో ఒక ప్రత్యేకమైన కొక్కెము ఉండును. అది తలుపును కొద్దిగా తెరచి, అట్లే పట్టి ఉంచును. మనము కొయ్య ముక్కతో చేయు పనిని అక్కడ తయారుచేయువారే అమర్చి ఇచ్చుచున్నారన్న మాట.

ఆ బండ్లలో చాల ఫ్రిజ్జులు కంప్రెసరు లేనివి. గ్యాసు మంటతో అమ్మోనియా నీటిని మరిగించి, ఆ వేడి నుండియే చలిని పుట్టించును. 1922లో స్వీడను దేశమున ప్లాటెన్, మంటర్స్ అను ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి అది. కరెంటు లేని ఆసుపత్రులలో టీకాలను కాపాడుటకు కిరసనాయిలు దీపముతో నడచిన ఫ్రిజ్జులు ఈ జాతివే. అట్టి ఫ్రిజ్జి నిలిపి ఉంచినప్పుడు మంట గొట్టములో సాలెపురుగు గూడు పెట్టును. మరల వెలిగించుటకు ముందు దానిని శుభ్రము చేయించవలెను. నడుచునప్పుడు అది ఒరగక సమముగా నిలువవలెను. యంత్రము ఏదైనను నిలువ సూత్రము ఒక్కటే: ఖాళీ చేయుట, కడుగుట, ఆరబెట్టుట, తెరచి ఉంచుట.

వెంట తీసికొని పోవువారికి

కొందరు ఫ్రిజ్జిని డీసీఎం బండిలో ఎక్కించుకొని పట్టణమునకు తీసికొని పోవుదురు. దానిని నిలువుగానే కట్టి తీసికొని పోవలెను. పడుకోబెట్టినచో కంప్రెసరులోని నూనె గొట్టములలోనికి పారును. తప్పనిసరియై పడుకోబెట్టినచో, దింపి నిలబెట్టిన పిదప ఒక దినము ఆగి గాని మీట వేయరాదు. నిలువుగా తెచ్చినను కొన్ని గంటలు ఆగుట మంచిది.

తిరిగి వచ్చిన నాడు

ఇంటికి చేరగానే మీట వేయుటకు తొందరపడరాదు. మొదట కొయ్యలు, త్రాడు విప్పి, తీగను, ప్లగ్గును చూడండి. ఎలుక కొరికిన జాడ ఉన్నచో మెకానిక్కు వచ్చు వరకు ఆగవలెను. వెనుక తట్టను మరల కడగండి. లోపల సోడా నీటితో తుడిచి ఆరబెట్టండి. ఫ్రిజ్జికి వెనుక గోడకు మధ్య జానెడు జాగా ఉండునట్లు జరపండి. మూడు పుల్లల ప్లగ్గును ఎర్తు గల సాకెట్టులోనే పెట్టవలెను. వోల్టేజి హెచ్చుతగ్గులు గల ఊరిలో స్టెబిలైజరు ఉంచవలెను. ఒకమారు ఆపిన ఫ్రిజ్జిని వెంటనే మరల వేయక ఐదు నిమిషములు ఆగవలెను. లోపలి గ్యాసు ఒత్తిడి సమము కాకమునుపు వేసినచో కంప్రెసరు మోటారు మీద భారము పడును.

వేసిన పిదప నాలుగైదు గంటలు ఖాళీగానే నడువనీయవలెను. లోపల బాగుగా చల్లబడినదని తెలిసిన పిదపనే పాలు, కూరలు పెట్టవలెను. క్రింది అరలలో 4 డిగ్రీలకు మించక ఉండుట మంచిది.

వరద నీరు దూరిన ఇంటికి వచ్చినవారికి ఒక హెచ్చరిక. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపూరు ప్రాంతమును ముంచినది మీకు జ్ఞాపకముండును. అట్టి సమయమున నీరు తీసినంతనే ఫ్రిజ్జి మీట వేయుట ప్రాణమునకు ముప్పు. ఇంటి కరెంటు మొత్తము ఆపించి, తెలిసినవానిచే పరీక్ష చేయించిన పిదపనే వేయవలెను.

సోదర సోదరీమణులారా! ఇంత చెప్పినను ఖర్చు ఎంత? చారెడు వంటసోడా, రెండు కొయ్య ముక్కలు, నాలుగు బారల త్రాడు, రెండు పూటల శ్రమ. దీనితో వేల రూపాయల వస్తువు నిలుచును, వాడకట్టున దోమ పుట్టదు, పిల్లలకు ముప్పు తప్పును. మీరు ఇల్లు విడిచి పోవు దినము వచ్చినప్పుడు, గడపకు తాళము వేయుటకు ముందు ఒక్కమారు వెనుదిరిగి ఫ్రిజ్జిని చూడండి. దాని తలుపు మూసియున్నచో, ప్రయాణము ఒక గడియ ఆలస్యమైనను, తిరిగి వెళ్ళి దానిని తెరచి, త్రాడు కట్టి రండి.